జీడి యంత్రాల ఫిర్యాదుల పుస్తకం రెడ్‌మైన్‌లోకి: పలాస ప్రాజెక్టు డైరీ

జనవరి 4, 2025, శనివారం

కాశీబుగ్గలో చిన్నాన్నకు జీడిపప్పు యంత్రాలు బాగుచేసే వర్క్‌షాపు ఉంది. బాయిలరు, కటింగ్ మిషను, డ్రయరు, పీలింగ్ మిషను, దానికి గాలి అందించే కంప్రెసరు, వీటిలో ఏది మొరాయించినా పలాస చుట్టుపక్కల పప్పు తీసే యజమానులు ఇక్కడికి ఫోను చేస్తారు. 2014 నుంచి వచ్చిన ప్రతి ఫిర్యాదూ రిజిస్టరులో ఉంది. రిజిస్టర్లు ఐదు. ఎక్కువ భాగం మేస్త్రి గారి చేతిరాత. వాటిని విడతలుగా స్ప్రెడ్‌షీట్లలోకి టైపు చేయించారు. ఆ ఐదు షీట్లూ ఇవాళ పెన్‌డ్రైవులో నా చేతికి వచ్చాయి. మొత్తం 4,860 వరుసలు.

చిన్నాన్న కోరింది ఒక్కటే. "ఫోను రాగానే ఆ మిషనుకు ఇంతకుముందు ఏ జబ్బు చేసిందో, ఎవరు వెళ్లారో, ఏ సామాను మార్చారో తెర మీద కనపడాలి. ఇన్నాళ్లూ మేస్త్రి గారి జ్ఞాపకం మీద నెట్టుకొచ్చాం. ఆయనకు అరవై దాటాయి."

సాఫ్ట్‌వేర్ తప్పులను నమోదు చేసుకోవడానికి మేము ఆఫీసులో ఇష్యూ ట్రాకర్ వాడతాం. ప్రతి తప్పూ ఒక ఇష్యూ: దానికి ఒక నంబరు, ఒక స్థితి, ఒక బాధ్యుడు, కింద వరుసగా వ్యాఖ్యలు. కంప్రెసరు ఫిర్యాదుకు కావలసినవీ సరిగ్గా ఇవే. అందుకే రెడ్‌మైన్ ఎంచుకున్నాను. 2006లో మొదటిసారి విడుదలైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అది, రూబీ ఆన్ రైల్స్ అనే వెబ్ సాఫ్ట్‌వేర్ చట్రం మీద నడుస్తుంది. డబ్బు కట్టనక్కరలేదు, వర్క్‌షాపులోని కంప్యూటర్‌లోనే ఉంటుంది, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

పాత వరుసలను ఎక్కించడానికి డేటాను శుభ్రం చేసి ఒకచోట నుంచి మరోచోటికి చేర్చే పెంటాహో డేటా ఇంటిగ్రేషన్ వాడుతున్నాను. దాని పాత పేరు కెటిల్. బొమ్మలాగా గీసుకునే తెర పేరు స్పూన్, గీసిన ట్రాన్స్‌ఫర్మేషన్‌ను, అంటే స్టెప్పుల వరుసను, కమాండు నుంచి నడిపేది పాన్, వాటిని గొలుసుగా కట్టిన పనిని నడిపేది కిచెన్. రెడ్‌మైన్‌లోనే సీఎస్‌వీ (గడులను కామాలతో విడదీసిన) ఫైలు ఎక్కించే సదుపాయం 3.2 వెర్షను నుంచి ఉంది. శుభ్రమైన ఫైలు ఉన్నవాళ్లకు అది చాలు. మా షీట్లు శుభ్రమైనవి కావు. దిద్దాలి, ఎక్కించాలి, తప్పు దొరికితే చెరిపి మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి. ఆ దిద్దుబాటంతా ఒకచోట గీసి ఉంటే ఎన్నిసార్లు నడిపినా ఒకేలా జరుగుతుంది.

జనవరి 5, ఆదివారం

రెడ్‌మైన్ 5.1, వెనుక పోస్ట్‌గ్రెస్ డేటాబేసు. మధ్యాహ్నానికి నిలబడింది. ట్రాకర్లు, అంటే రెడ్‌మైన్‌లో ఇష్యూ రకాలు, మూడు పెట్టాను: మరమ్మతు, సామాను మార్పు, తనిఖీ. యంత్రం రకానికి జాబితా ఫీల్డు, ఊరికి జాబితా ఫీల్డు, రిజిస్టరు నంబరుకు మామూలు అక్షరాల ఫీల్డు. మూడో రిజిస్టరులో 412వ వరుస అయితే 3-0412. ఈ నంబరే కాగితానికీ కంప్యూటర్‌కూ మధ్య వంతెన. దీన్ని వడపోతకు వాడుకోవచ్చన్న గడిలో టిక్కు పెట్టాను, తర్వాత అవసరం పడుతుంది.

సాయంత్రం అసలు చిక్కు బయటపడింది. రెడ్‌మైన్ ఏపీఐ (వేరే ప్రోగ్రాము దానితో మాట్లాడే దారి) ద్వారా ఇష్యూ సృష్టిస్తే, సృష్టించిన తేదీని అదే వేసుకుంటుంది. మనం పంపిన తేదీని తీసుకోదు. ముగిసిన తేదీ కూడా అంతే. 2014లో వచ్చిన ఫిర్యాదు, 2019లో వచ్చిన ఫిర్యాదు, అన్నీ 2025లో ఒకే రాత్రి పుట్టినట్టు, అదే రాత్రి ముగిసినట్టు కనిపిస్తాయి.

డేటాబేసులో నేరుగా రాసేస్తే తేదీ మనం కోరినట్టే పడుతుంది. ఆ దారి చూశాను. ఇష్యూల పట్టికలో ప్రతి ఇష్యూకూ దాని మూలం నంబరు, ఎడమ సంఖ్య, కుడి సంఖ్య అని మూడు గడులున్నాయి. ఉప ఇష్యూల చెట్టును రెడ్‌మైన్ వాటితోనే గుర్తుపడుతుంది. మనం చేర్చుకున్న కస్టమ్ ఫీల్డుల విలువలు వేరే పట్టికలో ఉంటాయి. వీటిలో ఒకటి తప్పినా ఇవాళ తెలియదు, ఎప్పుడో ఒక ఇష్యూ కింద మరో ఇష్యూ పెట్టబోయినప్పుడు బెడిసికొడుతుంది. అప్పుడు నేను ఇక్కడ ఉండను. చిన్నాన్న ఎవరిని అడగాలి? అందుకని ముందు తలుపునుంచే వెళ్తాను. ప్రారంభ తేదీ అన్న ఫీల్డును ఏపీఐ తీసుకుంటుంది, ఫిర్యాదు వచ్చిన రోజు అందులోకి. పని ముగిసిన రోజుకు వేరే ఫీల్డు. జాబితా తెరలో సృష్టించిన తేదీ గడిని తీసేసి ఈ రెండూ పెట్టాను.

ఫోను నంబర్ల నిలువు వరుసను ఎక్కించడం లేదు. పదేళ్ల నాటి నంబర్లు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయో ఏమో, పాత ఫిర్యాదు కింద అవి ఉండవలసిన పని లేదు.

జనవరి 11, శనివారం

రాత్రి రైల్లో వచ్చి, పొద్దున్నే షీట్లు తెరిచాను.

మొదటి షీటులో తెలుగు లేదు. ఆంగ్ల అక్షరాలు, విచిత్రమైన గుర్తులు. పాత డీటీపీ ఫాంటులో టైపు చేశారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో అది చక్కటి తెలుగు, లేనిచోట పిచ్చిగీత. కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చాను. వత్తులు కొన్ని చెదిరాయి, 2014, 2015 వరుసలను రిజిస్టరు పక్కన పెట్టుకుని కంటితో సరిచూడాల్సి వచ్చింది. ఆరు గంటలు పట్టింది. ఆ ఆరు గంటలు వృథా పోలేదు, మేస్త్రి గారి భాష నాకు పట్టుబడింది.

ఆయన "కంప్రెసరు లోపం" అని ఎక్కడా రాయరు. "కంప్రెసరు దగ్గుతున్నది" అని రాస్తారు. "బెల్టు ఏడుస్తున్నది." "బాయిలరు మూత దగ్గర బుస." కటింగ్ మిషను గురించి ఎన్నో చోట్ల "గుండు తగ్గి బద్ద పెరిగింది" అని ఉంది. పప్పు ముక్కలవకుండా నిండుగా వస్తేనే గుండు, చీలితే బద్ద. గుండుకే ధర. పౌండుకు 300 నుంచి 320 గుండ్లు తూగే 320 రకం పప్పులో బద్దలు పెరిగాయంటే యజమానికి ఆ రోజు నష్టమే. బ్లేడు వాడి తగ్గిందా, పిక్క ఆవిరిలో సరిగా ఉడకలేదా అన్నది మేస్త్రి గారికి ఆ ఒక్క వాక్యం నుంచే అందుతుంది. ఈ మాటలను "బ్లేడు సమస్య" అని ఒక పెట్టెలో కుదించడం నాకు ఇష్టం లేదు. వివరం గడిలోకి ఆయన రాసింది రాసినట్టు వెళ్తుంది, ఒక్క అక్షరం దిద్దను. జాబితా ఫీల్డులు పక్కన ఉంటాయి, వెతకడానికి.

మిగతా నాలుగు షీట్లు యూనికోడ్‌లోనే ఉన్నాయి. వాటిని సీఎస్‌వీగా మార్చి చదివించబోతే తెలుగంతా ప్రశ్నార్థకాలైంది. మార్చేటప్పుడు యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) ఎంచుకోకపోతే అంతే. ఆ మధ్య మజిలీ ఎందుకని, స్ప్రెడ్‌షీటును నేరుగా చదివే స్టెప్పు పెట్టాను. స్పూన్‌ను మొదలుపెట్టే ఫైలులో పెంటాహోను నడిపే జావాకు కూడా యూటీఎఫ్-8 అని చెప్పాను. విండోస్ మీద అది చెప్పకపోతే చదవడం సరిగా జరిగినా పంపడంలో పాడవుతుంది.

జనవరి 12, ఆదివారం

రేపు భోగి. ఇల్లంతా పిండివంటల హడావిడి. పని చేసింది గంటన్నరే. టైపు చేసినవారు ప్రతి పేజీకీ మళ్లీ వేసిన శీర్షిక వరుసలు 112 తీసేశాను. ఒక పేజీ రెండుసార్లు టైపైంది, 26 వరుసలు. రిజిస్టరు నంబరు అంకెగా ఉన్న చోట 412 అన్నది "412.0" అయి వస్తున్నది, దాన్ని నాలుగు అంకెలకు సరిదిద్దాను. మిగిలినవి 4,722.

జనవరి 16, గురువారం

కనుమ వెళ్లిన మర్నాడు, వర్క్‌షాపు ఇంకా తెరవలేదు. ప్రశాంతంగా తేదీల పని.

తేదీలు నాలుగు రూపాల్లో ఉన్నాయి. చుక్కలతో రాసినవి, గీతలతో రాసినవి, "జూన్ 5" అని తెలుగులో రాసినవి, ఉత్త అంకెగా మిగిలినవి. అంకె రూపం తేలిక. స్ప్రెడ్‌షీటు తేదీని 1900 మొదలు రోజుల లెక్కగా దాచుకుంటుంది, 43101 అంటే 2018 జనవరి 1.

కష్టం గీతల తేదీల్లో ఉంది. టైపు చేసిన కంప్యూటర్‌లో తేదీ అమరిక అమెరికా పద్ధతిలో ఉండి ఉంటుంది. 05/06/2019 అని కొడితే అది మే 6 అనుకున్నది. 13/06/2019 అని కొడితే పదమూడో నెల లేదు కాబట్టి ఉత్త అక్షరాలుగా వదిలేసింది. అంటే పన్నెండో తారీఖు వరకు నెల, రోజు తారుమారు, ఆ తర్వాత సరైనవి. ఒక్క వరుసను చూస్తే ఏదీ తప్పుగా కనిపించదు.

రిజిస్టరే దారి చూపింది. అది రోజువారీ పుస్తకం, వరుస నంబరు పెరిగితే తేదీ వెనక్కు వెళ్లదు. జూన్ 4కూ జూన్ 13కూ మధ్య మే 6 వచ్చిందంటే అది జూన్ 5. పెంటాహోలో ముందు వరుస విలువను ఈ వరుస పక్కన తెచ్చిపెట్టే అనలిటిక్ క్వెరీ అనే స్టెప్పు ఉంది. దానితో ముందు తేదీ, తర్వాతి తేదీ పక్కపక్కన పెట్టి, నడుమ ఇమడనివాటిని తిప్పి చూసి, ఇమిడితే తిప్పినదాన్ని ఉంచాను. తిప్పినా ఇమడనివి వేరే ఫైలులోకి.

మరొకటి. అక్షరాలను తేదీగా మార్చే చోట ఉదారంగా చదవాలా అన్న గడి ఉంది. ఉదారంగా చదవనిస్తే జావా 31/06/2017ను చడీచప్పుడు లేకుండా జూలై 1 చేసేస్తుంది. జూన్‌కు ముప్ఫై రోజులే. ఉదారం వద్దన్నాను. ఏడు వరుసలు బయటపడ్డాయి. ఐదు టైపు తప్పులు. రెండు మాత్రం రిజిస్టరులోనే అలా ఉన్నాయి. ఆ రెండింటికీ ప్రారంభ తేదీ ఖాళీగా వదిలి, కాగితం మీద ఏముందో వివరంలో రాశాను. ఖాళీగా వదలడానికి ముందు, ప్రారంభ తేదీ లేకపోతే ఇవాళ్టి తేదీ వేయమన్న అమరికను రెడ్‌మైన్‌లో తీసేయాలి. తీసేశాను.

ఇంకొకటి మనసులో మెదులుతున్నది. మూడో షీటులో 61 వరుసలకు వరుసగా ఒకే అంకె ఉంది, 43384. లెక్క కడితే 2018 అక్టోబరు 11. తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన రోజు. ఆ తెల్లవారుజామున ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, కరెంటు స్తంభాలు వరసన పడిపోయాయి. అలాంటి రోజున వర్క్‌షాపుకు 61 ఫిర్యాదులు ఎలా వచ్చాయి? రేపు వర్క్‌షాపు తెరిచాక పుస్తకం చూడాలి.

జనవరి 18, శనివారం

మూడో రిజిస్టరు తీయించాను. అక్టోబరు 9 తర్వాత ఒక పేజీ ఖాళీ. ఆ తర్వాత మూడు పేజీలు పెన్సిలుతో, తడిసి ఆరిన కాగితం మీద, తేదీ లేకుండా రాసి ఉన్నాయి. "మోటారు నీళ్లు తాగింది." "రేకు ఎగిరి డ్రయరు మీద పడింది." "ప్యానెలు బోర్డు ఉప్పు పట్టింది." టైపు చేసినవారు తేదీ గడి ఖాళీగా ఉంచడం ఎందుకని తుఫాను రోజు వేసేశారు. వారి ఉద్దేశం మంచిదే. కానీ కాగితంలో లేని తేదీ అది. ఆ 61 వరుసల తేదీ తీసేశాను, "తుఫాను పేజీలు" అని ఒక గుర్తు మాత్రం ఉంచాను. మేస్త్రి గారిని తీరిక చూసి అడగాలి.

ఇక ఊళ్ల పేర్లు. ఇచ్ఛాపురం, ఇచ్చాపురం. నందిగాం, నందిగామ. సోంపేట, సోమ్పేట. వజ్రపుకొత్తూరు కలిపి ఒకచోట, విడదీసి ఒకచోట. దగ్గరి పోలికలను పట్టే ఫజీ మ్యాచ్ స్టెప్పు ఉంది కదా అని పెట్టాను. అందులో ఉచ్చారణను బట్టి పోల్చే పద్ధతులు ఆంగ్లం కోసం తయారైనవి, తెలుగుకు పనికిరావు. ఎన్ని అక్షరాలు మారిస్తే ఒకటి మరొకటవుతుందో లెక్కించే లెవెన్‌ష్టైన్ పద్ధతి ఏ లిపికైనా పనిచేస్తుంది. నందిగాం, నందిగామల మధ్య దూరం ఒకటి. సోంపేట, సోమ్పేటల మధ్య రెండు, ఎందుకంటే సున్నా పోయి మకారం, పొల్లు రెండూ రావాలి. కాబట్టి హద్దు రెండు పెట్టాను. ఊళ్లు చక్కగా కలిశాయి. అదే స్టెప్పును సామాన్ల పేర్లకు పెడితే "మోటారు", "మీటరు" ఒకటైపోయాయి. వాటి మధ్య దూరమూ రెండే.

పోలికను తీసేశాను. ఊళ్లకూ సామాన్లకూ చేత్తో రాసిన జాబితా పెట్టాను: ఎడమవైపు షీటులో ఉన్న రూపం, కుడివైపు ఉండవలసిన రూపం. మొత్తం 214 వరుసలు. రాయడానికి మూడు గంటలు పట్టింది. ప్రతి వరుసకూ నేను జవాబు చెప్పగలను.

అయినా కొన్ని కలవలేదు. కంటికి ఒకేలా ఉన్న "కంప్రెసర్" రెండు వేర్వేరు విలువలుగా వస్తున్నది. అక్షరాల సంఖ్య తీస్తే ఒకదానిలో ఒకటి ఎక్కువ. చివర కనపడని జోడింపు నిరోధక గుర్తు ఉంది. పొల్లు తర్వాతి అక్షరంతో కలిసిపోకుండా టైపు చేసేటప్పుడు పడే గుర్తు అది, మాట మధ్యలో అవసరమే, చివర అవసరం లేదు. అలాగే "ై" గుణింతాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ అని రెండు ముక్కలుగానూ రాయవచ్చు. కంటికి తేడా ఉండదు, కంప్యూటర్‌కు రెండూ వేరు. పోల్చే ముందు రెండువైపులా ఇలాంటి రూపాలను ఒకటి చేసే జావా నార్మలైజర్ గుండా పంపి, చివరి గుర్తులు కత్తిరించాను. స్పేసులను కత్తిరించే మామూలు పద్ధతి విడిపోని స్పేసును ముట్టుకోదు, దాన్ని విడిగా తీయాలి. వివరం గడికి మాత్రం ఇవేవీ చేయలేదు.

జనవరి 19, ఆదివారం

మొదటి 50 వరుసలు, డేటాబేసు నకలు మీద. ఎక్కించే ముందు రెడ్‌మైన్‌లో ఇష్యూ చేరినప్పుడల్లా మెయిలు పంపే టిక్కు తీసేశాను. లేకపోతే చిన్నాన్న ఫోనులో వేలకొద్దీ మెయిళ్లు పడేవి.

ట్రాన్స్‌ఫర్మేషన్ ఆకారం ఇది: షీటు చదువు, శుభ్రం చెయ్యి, పేర్లు కలుపు, తేదీ క్రమంలో పెట్టు, జేసన్ (ఏపీఐ చదివే వాక్యరూపం) తయారుచెయ్యి, ఏపీఐకి పంపే రెస్ట్ క్లయింటు స్టెప్పుతో పంపు, వచ్చిన జవాబును బట్టి విడదియ్యి. ఈ చివరిది మరవకూడదు. రెడ్‌మైన్ వద్దన్నా రెస్ట్ క్లయింటు స్టెప్పు ఆగదు, జవాబు అంకెను ఒక గడిలో పెట్టి ముందుకు సాగిపోతుంది. 201 వస్తే చేరింది, 422 వస్తే రెడ్‌మైన్ నియమానికి నిలవలేదు, కారణం జవాబులోనే ఉంటుంది. ఆ అంకె చూసి దారులు విడదీయకపోతే అంతా పచ్చగా ముగిసినట్టే కనిపిస్తుంది.

50లో 46 చేరాయి. నాలుగింటికి 400, అంటే పంపినదాన్ని రెడ్‌మైన్ చదవలేకపోయింది. నాలుగింటిలోనూ ఒకే పోలిక: 3/4" పైపు, 1/2" వాల్వు. అంగుళం గుర్తు! జేసన్‌లో ఆ గుర్తు మాటకు ముగింపు. నేను అక్షరాలను అతికించి జేసన్ తయారుచేశాను కాబట్టి మేస్త్రి గారి అంగుళం నా వాక్యాన్ని మధ్యలో తెంపేసింది. వెనుకగీతను ముందు రెట్టింపు చేసి, తర్వాత కోట్ గుర్తు ముందు వెనుకగీత పెట్టి, చివర కొత్త వరుస గుర్తులు మార్చాలి. ఈ క్రమం తారుమారైతే పెట్టిన వెనుకగీతలే మళ్లీ రెట్టింపవుతాయి. సరిచేశాక 50కి 50.

వేగంగా సాగాలని పంపే స్టెప్పును నాలుగు నకళ్లుగా నడిపి చూశాను. వేగం వచ్చింది, క్రమం పోయింది. పెంటాహోలో స్టెప్పులన్నీ ఒకేసారి నడుస్తాయి, నాలుగు నకళ్లు ఎవరికి వీలైనప్పుడు వారు పంపుతాయి. 2014 జూలై ఫిర్యాదుకు మార్చి ఫిర్యాదు కంటే చిన్న నంబరు వచ్చింది. నంబర్లు తేదీ వరుసలో ఉండాలన్నది నా పట్టుదల, పుస్తకానికి ఆ వరుస ఉంది కాబట్టి. ఒకే నకలుకు తిరిగివచ్చాను.

జనవరి 25, శనివారం

ఇప్పటివరకు ప్రతి ఇష్యూ నా పేరు మీద చేరుతున్నది. నేను ఒక్క బోల్టు కూడా బిగించలేదు. రాసినవారి పేరు ఉండాలి.

రెడ్‌మైన్‌లో దీనికి మార్గం ఉంది. నిర్వాహకుడి ఏపీఐ తాళంతో (రహస్య గుర్తింపు సంకేతం) పంపుతూ, ఎక్స్-రెడ్‌మైన్-స్విచ్-యూజర్ అనే హెడరులో (సందేశం తలకట్టు) వేరొకరి లాగిన్ పేరు పెడితే ఆ వ్యక్తి చేసినట్టు నమోదవుతుంది. రిజిస్టరులో చివర పొట్టి సంతకాలున్నాయి, వాటిని బట్టి నలుగురు మేస్త్రీలకు ఖాతాలు తెరిచాను. ఇద్దరు ఇప్పుడు పని మానేశారు. వారి ఖాతాలు మూసి ఉంచితే 412 అనే తిరస్కారం వస్తుంది కాబట్టి, ఎక్కించడం ముగిసేవరకు తెరిచి తర్వాత మూస్తాను.

నడిపాను. అన్నిటికీ 201. తెర చూస్తే గుండె జారింది. వారం క్రితం "ముగిసింది" అని చేరిన 50 ఇష్యూలూ ఇప్పుడు "కొత్తది" అని కూర్చున్నాయి. పంపిన జేసన్ చూశాను, స్థితి సరిగ్గానే ఉంది. తప్పు ఎక్కడా రాలేదు. గంటన్నర వెతికాను.

హెడరు పెట్టగానే నిర్వాహకుడి హక్కులు పోయి మేస్త్రి పాత్ర హక్కులు వచ్చాయి. ఆ పాత్రకు కొత్త ఇష్యూను నేరుగా ముగిసిన స్థితిలో తెరిచే అనుమతి లేదు. అనుమతి లేని గడిని రెడ్‌మైన్ తిప్పికొట్టదు, పక్కన పెట్టి మిగతాది చేర్చుకుంటుంది. ఏ పాత్ర ఏ స్థితిలోకి మార్చవచ్చో చెప్పే వర్క్‌ఫ్లో పట్టిక మొదటి వరుసలో, కొత్త ఇష్యూ అన్న చోట, మేస్త్రి పాత్రకు ముగిసిన స్థితిలో టిక్కు పెట్టాను. సరిపోయింది. ఎక్కించడం అయ్యాక ఆ టిక్కు తీసేయాలి. ఇకపై చేరే ఫిర్యాదు తెరిచి ఉండాలి, బాగుచేశాకే ముగియాలి.

ఇవాళ్టి నుంచి నా తనిఖీలో జవాబు అంకె ఒక్కటే చాలదు. పంపినదాన్ని తిరిగి చదివి, స్థితి, తేదీ, రాసినవారు మూడూ పోల్చే రెండో ట్రాన్స్‌ఫర్మేషన్ గీశాను. తిరిగి చదవడం వందేసి చొప్పునే సాధ్యం, ఏపీఐ ఒక విడతకు అంతకన్నా ఇవ్వదు.

ఫిబ్రవరి 1, శనివారం

300 వరుసలతో ప్రయత్నం. 140 దగ్గర కరెంటు పోయింది. మంచిదే అనుకున్నాను, ఆగిపోయినచోట నుంచి అందుకోగలదా చూడవచ్చు. పంపే ముందు ఆ రిజిస్టరు నంబరు ఇదివరకే ఉందా అని రెడ్‌మైన్‌ను అడిగే స్టెప్పు అంతకుముందే పెట్టి ఉంచాను. మళ్లీ నడిపాను. 300 ఉండవలసిన చోట 440.

కారణం తెలిశాక తేలికే. ఇష్యూల జాబితా అడిగితే ఏపీఐ తెరిచి ఉన్నవాటినే ఇస్తుంది. మావి పాతవి, అన్నీ ముగిసినవి. స్థితి దగ్గర నక్షత్రం గుర్తు పెట్టి అడిగితేనే అన్నీ వస్తాయి. పెట్టాను. నకలు డేటాబేసును మొదటి ప్రతికి వెనక్కు తెచ్చి, 140 దగ్గర నేనే ఆపి, మళ్లీ నడిపితే సరిగ్గా 300.

ఇష్యూలను చెరిపితే నంబర్లు వెనక్కు రావు, అందుకే చెరపకుండా ప్రతిసారీ పూర్తి ప్రతిని తిరిగి తెస్తున్నాను. పుస్తకంలో మొదటి ఫిర్యాదు రెడ్‌మైన్‌లో ఒకటో నంబరు కావాలి.

ఫిబ్రవరి 4, మంగళవారం

రథసప్తమి. మేస్త్రి గారు రాత్రే అరసవల్లి వెళ్లారు. వర్క్‌షాపు మూసి ఉంది. పని లేదు.

ఫిబ్రవరి 8, శనివారం

ఎక్కించాను.

ఉదయం ఖాళీ డేటాబేసు ప్రతి తీసుకున్నాను. ఇన్వర్టరుకు కంప్యూటర్ కలిపాను. పదకొండుకు మొదలు, పాన్‌తో, తెర లేకుండా. ఒక్కో వరుసకు అర సెకను లోపే. అరగంట పైచిలుకు పట్టింది. చిన్నాన్న పక్కనే స్టూలు మీద కూర్చుని అంకె పెరగడం చూశారు. 1,500 దాటాక "ఇది 2017 ఎండాకాలం అయి ఉంటుంది, అప్పుడే ఆ పెద్ద డ్రయరు తగలబడింది" అన్నారు. చూస్తే 2017 ఏప్రిలే.

4,722లో 4,709 చేరాయి. 13 తిరిగివచ్చాయి. తొమ్మిది, యంత్రం రకం జాబితాలో లేనివి: జనరేటర్లు, కాటాలు. వర్క్‌షాపు అవి కూడా బాగుచేసిందని నాకు తెలియదు. జాబితాలో చేర్చాను. నాలుగు, బాధ్యుడిగా పెట్టిన సహాయకుడికి ప్రాజెక్టులో సభ్యత్వం లేనివి. ఇచ్చాను. మళ్లీ నడిపితే ఆ 13 మాత్రమే చేరాయి. తిరిగి చదివే తనిఖీలో తేడాలు సున్నా. మెయిలు టిక్కు తిరిగి పెట్టాను, వర్క్‌ఫ్లో టిక్కు తీసేశాను, ఇద్దరి ఖాతాలు మూశాను.

ఒకటో నంబరు ఇష్యూ తెరిచాను. "కంచిలి, పీలింగ్ మిషను, గాలి చాలడం లేదు." రాసినవారు మేస్త్రి గారు. ప్రారంభ తేదీ 2014. పైన చిన్న అక్షరాల్లో, ఇవాళే చేర్చినట్టు రెడ్‌మైన్ చెబుతూనే ఉంది. దాన్ని నేను మార్చలేను, ప్రాజెక్టు ముఖపత్రంలో ఆ సంగతి రాసిపెట్టాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

మధ్యాహ్నం భోజనాలయ్యాక మేస్త్రి గారిని తుఫాను పేజీల దగ్గర కూర్చోబెట్టాను. 61 ఇష్యూలు తెర మీద, పుస్తకం ఆయన ఒడిలో.

"తేదీ ఎందుకు వేయలేదు మేస్త్రి గారూ?"

"కరెంటు లేదు, ఫోను లేదు. ఏ రోజు ఏ వారమో ఎవరికి తెలుసమ్మా. సైకిలు మీద వెళ్లి, కనపడిన మిషనల్లా చూసి రాసుకున్నాను. పిలిచినవాళ్లు ఎవరూ లేరు."

అంటే ఇవి ఫిర్యాదులే కావు. ఎవరూ పిలవకుండా ఆయన తిరిగి చూసి రాసుకున్నవి. మరమ్మతు ట్రాకర్ నుంచి తనిఖీ ట్రాకర్‌లోకి 61ని మార్చాను. అంకెల్లో ఇది చిన్న మార్పు, పుస్తకం అర్థంలో పెద్దది.

ఆయన ఒక్కొక్కటే చూస్తూ చెప్పారు. మందస వైపు వెళ్లింది చెట్లు నరికి దారి చేశాక. వజ్రపుకొత్తూరు వైపు ఇంకా తర్వాత. ఈ మోటారు విప్పినప్పుడు కరెంటు వచ్చింది, ఆ ఊళ్లో దీపాలు వెలగడం చూశాను అన్నారు. ఆయన చెప్పినవన్నీ ఇష్యూల కింద వ్యాఖ్యలుగా చేర్చాను, ఇవాళ్టి తేదీతో, ఆయన చెప్పగా నేను రాశానని. ప్రారంభ తేదీ గడిని ముట్టుకోలేదు. జ్ఞాపకం వ్యాఖ్యలో ఉంటుంది, కాగితం వివరంలో ఉంటుంది.

చీకటి పడేసరికి 58 అయ్యాయి.

ఫిబ్రవరి 15, శనివారం

ఈ వారం వచ్చిన కొత్త ఫిర్యాదులు నేరుగా రెడ్‌మైన్‌లో నమోదయ్యాయి, ఏడు. చిన్నాన్న నాలుగు, కుర్ర మేస్త్రి మూడు. టెక్కలి నుంచి కంప్రెసరు గురించి ఫోను వస్తే వెతికి చూశారట, అదే యంత్రానికి అదే వాల్వు 2016లో, 2019లో, 2022లో మార్చారు. వాల్వు సంచిలో వేసుకుని వెళ్లారు. కొత్త ఫిర్యాదు వివరంలో కుర్ర మేస్త్రి "కంప్రెసరు దగ్గుతున్నది" అని రాశాడు.

మిగిలిన మూడు తుఫాను వరుసల్లో రెండింటిని మేస్త్రి గారు ఇవాళ గుర్తుపట్టారు. ఒకటి మిగిలింది. 3-0588, "షెడ్డు లేదు, మిషను ఉంది" అని మాత్రమే ఉంది, ఊరు లేదు. ఆయన చాలాసేపు ఆ పేజీనే చూశారు. బారువ వైపు కావచ్చన్నారు, తర్వాత కాదేమో అన్నారు. ఊరు గడి ఖాళీగా ఉంచి, ఆయన అన్న రెండు మాటలూ వ్యాఖ్యలో రాశాను.